మూడవపాటతో ముగియని హర్రాజు

“ఇల్లు హర్రాజులో పోయినది” అను మాట మనవారి నోట తరచుగా వినవచ్చును. ఒకటవసారి, రెండవసారి, మూడవసారి అని పాట ముగియుటతోడనే పాత యజమాని హక్కు గతించి, పాడుకొన్నవాని హక్కు పుట్టినదని లోకుల తలంపు. పాడుకొన్నవాడు ఆ తలంపుతోనే తాళము కొనుటకు అంగడికి పోవును. ఇల్లు పోగొట్టుకొన్నవాడును ఆ తలంపుతోనే న్యాయవాది గడప త్రొక్కుట మానుకొనును. ఇరువురును పొరపడుచున్నారు. పాట ఒక ఘడియలో ముగియును. అది హక్కుగా మారుటకు కాగితములు నడువవలసిన దారి వేరుగా నున్నది. ఆ దారిలో ఎవరికి ఏ దినమువరకు తలుపు తెరచియుండునో తెలియకపోవుటచేత మనలో ననేకులు నష్టపడుచున్నారు. కావున ఆ దారిని మొదటినుండి తుదివరకు పాఠకులకు చూపుట అవసరమని తోచుచున్నది.

ఉదాహరణమునకు హైదరాబాదు పాతనగరమునందలి హుస్సేనీ ఆలంను తీసికొందము. చార్మినారునకు పడమటగా లాడ్ బజారు దాటి పోవువారికి ఈ పేట తగులును. అచట నెలకొల్పబడిన హుస్సేనీ ఆలమును బట్టియే పేటకు ఆ పేరు కలిగినది. చౌమహల్లా ప్రాసాదము దీనికి చేరువ. పాయిగా ప్రభువులలో నొకరైన ఖుర్షీద్ జా బహద్దరు దేవిడీ ఈ పేటలోనే కలదు. దాని ఆవరణమున స్త్రీల ప్రభుత్వ డిగ్రీ కళాశాల వెలసినది. పెద్ద దేవిడీల నడుమ చిన్న యిండ్లు, ఒక్క గుమ్మము వెనుక నాలుగు కుటుంబములు, వీథివైపున దుకాణములు: ఇది ఇచ్చటి స్థితి.

ఈ పేటనే యేల ఎన్నుకొంటిమన, ఇంటిని గూర్చిన కాగితము చదువుట ఇచ్చట కష్టము. పాత దస్తావేజులు ఉర్దూలో నుండును. తేదీలు ఫసలీ సంవత్సరములలో నుండును. ఫసలీకి 590 కలిపినగాని క్రీస్తుశకము తేలదు. 1357 ఫసలీ యన్నచో 1947–48 అని తెలిసికొనవలెను. హద్దులు చెప్పునపుడు పొరుగువాని తాతపేరు వ్రాయబడియుండును. ఆ పొరుగిల్లు నేడు మూడుచేతులు మారియుండును. ఇంటినంబర్లు మారినవి. 1908 సంవత్సరపు మూసీ వరదల తరువాత మన్ దొర పర్యవేక్షణమున తయారైన నగరపటములలో ఒక్క ఇల్లుగా నున్నది నేడు పురపాలక చిట్టాలో నాలుగిండ్లుగా నుండవచ్చును. ఇట్టిచోట ఒక ఇల్లు హర్రాజునకు వచ్చినచో, ఏది అమ్ముడుపోయినది, ఎవరిది అమ్ముడుపోయినది అను రెండు ప్రశ్నలును సులభములు కావు.

తనఖా – ధర్మశాస్త్రమునుండి నేటివరకు

తాకట్టు మనకు క్రొత్తది కాదు. యాజ్ఞవల్క్యస్మృతి దీనిని ఆధియన్నది. వడ్డీతో అప్పు రెట్టింపైనను విడిపింపనిచో ఆధి నశించును, అనగా అప్పిచ్చినవాని పాలగును. ఫలము ననుభవించుచుండు భోగ్యాధిమాత్రము నశింపదని ఆ స్మృతియే విధించినది. ఆంగ్లేయుల న్యాయము దీనికి వేరుమాట తెచ్చినది. తనఖా యెప్పటికిని తనఖాయే గాని విక్రయము కాదు. బాకీ తీర్చి ఆస్తిని విడిపించుకొను హక్కు ఋణస్థునికి ఉండనే యుండును. ఆ హక్కును తెంచవలెనన్నచో న్యాయస్థానపు తీర్పు కావలెను. 1882 సంవత్సరపు ఆస్తిబదిలీ చట్టము ఈ సూత్రముమీదనే నిలిచినది. షరతు విక్రయపు తనఖాలో విడుదలహక్కును కొట్టివేయించుకొని ఆస్తినే పొందుటకును, సామాన్యపు తనఖాలో ఆస్తిని అమ్మించి బాకీ రాబట్టుకొనుటకును అది ఏర్పాటు చేసినది. మన దేశమున రెండవదియే విస్తారముగా వాడుకకు వచ్చినది. కనుకనే తనఖా ముగింపు అన్నచో మనకు హర్రాజే జ్ఞప్తికి వచ్చును.

పన్నుబాకీకై భూమిని హర్రాజు వేయు పద్ధతియు మన ఆంధ్రదేశము చవిచూచినదే. 1802లో శాశ్వత పరిష్కారము వచ్చిన పిమ్మట పేష్కషు చెల్లింపలేని జమీందారీలు హర్రాజునకు వచ్చినవి. గుంటూరు మండలమున వాసిరెడ్డివారిది మొదలగు పెద్ద జమీందారీలు 1840 దశాబ్దములో సర్కారు పాలైనవి. తరువాత వచ్చిన 1864 మదరాసు రెవిన్యూ వసూలు చట్టము హర్రాజు ఖాయమైన పిదప కలెక్టరు ఆ భూమిని కొన్నవాని పేర నమోదుచేసి ధ్రువపత్రము నియ్యవలెననియు, ఆ పత్రము కొనుగోలు జరిగెనను విషయమునకు తిరుగులేని సాక్ష్యమనియు విధించినది. ఆ మాటను పాఠకులు జాగ్రత్తగా గమనింపవలెను. కొనుగోలు జరిగెననుటకే సాక్ష్యము. దీని అవసరము ముందు తెలియగలదు.

రెండు దారులు

నేడు బాకీకై ఇల్లు హర్రాజునకు వచ్చుటకు ముఖ్యముగా రెండు దారులున్నవి. ఒకటి కోర్టుదారి, రెండవది బ్యాంకుదారి. ఒక గృహస్థుని ఊహించుకొందము. అతడు లాడ్ బజారులో లక్కగాజుల వర్తకుడు. హుస్సేనీ ఆలంలో తండ్రినాటి ఇల్లున్నది. వర్తకమునకై ఇంటి దస్తావేజులను కుదువబెట్టి అప్పు తెచ్చెను. వడ్డీతో అది 50 లక్షలైనది. ఇల్లు హర్రాజులో 60 లక్షలకు పోయినదనుకొందము.

అప్పిచ్చినవాడు ప్రైవేటు వ్యక్తియైనచో కోర్టుకు పోవలెను. పాతనగర వ్యాజ్యములు దీర్ఘకాలము పురానీ హవేలీలోని సిటీ సివిలు కోర్టులో నడచినవి. డిక్రీ అయిన పిమ్మట సివిలు ప్రొసీజరు కోడు 21వ ఆర్డరు ప్రకారము హర్రాజు ప్రకటన వెలువడును. ఆస్తియొద్ద దండోరా వేయవలెను. ఇంటిమీదను కోర్టుగోడమీదను ప్రకటన అంటింపవలెను. అంటించిన 15 దినములకుగాని పాట జరుగరాదు. పాడుకొన్నవాడు అక్కడికక్కడే నాలుగవవంతు, అనగా మన ఉదాహరణములో 15 లక్షలు, కట్టవలెను. మిగిలిన 45 లక్షలు 15 దినములలో చెల్లింపవలెను. ఇంతవరకు జరిగినను హర్రాజు ఖాయము కాలేదు. హర్రాజు దినమునుండి 60 దినములు గడువున్నది. ఈ గడువులో ఋణస్థుడు ప్రకటనలో చూపిన బాకీని, పాడుకొన్నవానికి పాటసొమ్ముమీద నూటికి 5 వంతున 3 లక్షలను కోర్టులో కట్టి హర్రాజును రద్దుచేయించుకొనవచ్చును. ప్రకటనలో గాని పాటలో గాని పెద్ద లోపమో మోసమో జరిగి, దానివలన తనకు విశేషనష్టము కలిగినచో అదే గడువులో పిటిషను వేయవచ్చును. తనఖా డిక్రీలో నైతే 34వ ఆర్డరు ప్రకారము హర్రాజు ఖాయమగుదినమువరకు బాకీ చెల్లించి ఇల్లు దక్కించుకొనుటకు వీలున్నది. ఈ గడియలన్నియు దాటిన పిదపనే కోర్టు హర్రాజును ఖాయపరచి విక్రయ ధ్రువపత్రము నిచ్చును. పత్రముమీద ఖాయమైన దినమే తేదీగా నుండును. హక్కుమాత్రము పాట జరిగిన దినమునుండియే సంక్రమించినట్లు కోడు 65వ సెక్షను చెప్పుచున్నది.

రెండవది బ్యాంకుదారి. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టము బ్యాంకులకు కోర్టు నడుమ లేకుండగనే తాకట్టు ఆస్తిని అమ్ముకొను అధికార మిచ్చినది. వాయిదాలు 90 దినములు దాటి నిలిచినచో అప్పు నిరర్థక ఋణముగా లెక్కకెక్కును. పిమ్మట బ్యాంకు 60 దినముల గడువుతో నోటీసు నిచ్చును. ఋణస్థుడు ఆక్షేపణ తెలిపినచో 15 దినములలో జవాబు చెప్పవలెను. గడువు దాటినచో ఇంటిని స్వాధీనపరచుకొన్నట్లు నోటీసు అంటించి, 7 దినములలో రెండు పత్రికలలో ప్రకటింపవలెను. కావలసినచో మేజిస్ట్రేటు సహాయముతో ఇల్లు ఖాళీచేయింపవచ్చును. విలువ కట్టించి కనీసపు ధర నిర్ణయింపవలెను. ఋణస్థునికి 30 దినముల నోటీసు నియ్యవలెను; పాట ప్రకటనను మరల రెండు పత్రికలలో వేయవలెను. నేడు ఈ పాట సామాన్యముగా కంప్యూటరు తెరమీదనే జరుగుచున్నది. పాడువారెవరో ఇంటివారికి కంటబడరు. పాడుకొన్నవాడు అదేదినమో మరునాటి పనిదినమునకో నాలుగవవంతు కట్టి, మిగిలినది 15 దినములలో, లేదా ఒప్పందముమీద 3 మాసములలోపల చెల్లింపవలెను. చెల్లింపనిచో కట్టిన సొమ్ము జప్తగును. చెల్లించినచో బ్యాంకుయొక్క అధీకృతాధికారి విక్రయ ధ్రువపత్రము నిచ్చును. బాకీయు ఖర్చులును పోను మిగిలినది ఋణస్థునికి చెందవలెను.

ఇచ్చట రెండు దారులకు నున్న భేదము చూడుడు. కోర్టు హర్రాజులో పాట ముగిసిన 60 దినములవరకును ఇల్లు దక్కించుకొను తలుపు తెరచియే యుండును. బ్యాంకు హర్రాజులో ఆ తలుపు పాటకు ముందే మూతపడును. 2016లో జరిగిన సవరణచేత, హర్రాజు ప్రకటన వెలువడుటకు ముందే ఋణస్థుడు పూర్తిబాకీ చెల్లింపవలసియున్నది. ప్రకటనతోడనే విడుదలహక్కు అంతరించునని 2023లో సుప్రీముకోర్టు బఫ్నా మోటార్సు వ్యాజ్యమున తీర్పు చెప్పినది. అటుపిమ్మట అతనికి మిగిలినది ప్రక్రియలో లోపమున్నదని 45 దినములలో ఋణవసూలు ట్రిబ్యునలునకు పోవుటయే. “పాటనాటికి సొమ్ము సమకూర్చుకొందము” అని బంధువులయొద్దకు తిరుగుచుండు గృహస్థునకు, తాను తిరుగుచున్న దినములలోనే హక్కు తీరిపోయినదని తెలియదు. పూర్వపు చట్టముక్రింద అలవాటైన ఆశతో అతడు క్రొత్తచట్టముక్రింద నష్టపోవుచున్నాడు.

పల్లెటూళ్ల భూస్వాములు ఒక్క విషయము తెలిసికొనవలెను. వ్యవసాయభూమిమీది తనఖాకు ఈ బ్యాంకుదారి వర్తింపదని ఆ చట్టమే 31వ సెక్షనులో చెప్పినది. కాని కోర్టుదారియు రెవిన్యూదారియు వారికిని తెరచియే యున్నవి.

ధ్రువపత్రమునుండి ఒకటవ పుస్తకమునకు

విక్రయ ధ్రువపత్రము చేతికి వచ్చినది. అది సర్కారు చిట్టాలలోని కెక్కుట ఎట్లు? 1908 రిజిస్ట్రేషను చట్టము ప్రతి సబురిజిస్ట్రారు కచేరీలో కొన్ని పుస్తకములను నియమించినది. స్థిరాస్తి దస్తావేజులు ఒకటవ పుస్తకములో ఎక్కును. వీలునామాలు మూడవదానిలో ఎక్కును. ఒకటవ పుస్తకమునకు పేర్లను బట్టి ఒక సూచిక, ఆస్తులను బట్టి ఇంకొక సూచిక యుండును. రుసుము చెల్లించి ఎవరైనను ఈ పుస్తకమును చూడవచ్చును. సామాన్యపు విక్రయదస్తావేజును రిజిష్టరు చేయనిచో చెల్లదు. కాని సివిలు అధికారి లేక రెవిన్యూ అధికారి బహిరంగ హర్రాజులో కొన్నవానికిచ్చిన ధ్రువపత్రమునకు ఈ నిర్బంధము లేదని 17వ సెక్షను మినహాయింపు నిచ్చినది. దానికి బదులుగా 89వ సెక్షను ఒక ఏర్పాటు చేసినది. ధ్రువపత్రము నిచ్చిన కోర్టుగాని అధికారిగాని దాని నకలును సబురిజిస్ట్రారునకు పంపవలెను. అతడు దానిని ఒకటవ పుస్తకములో చేర్చవలెను. ఇంతే. అమ్మినవాడు వచ్చి సంతకము చేయ నక్కరలేదు.

బ్యాంకు అధికారి ఇచ్చిన పత్రమునకును ఇదే వర్తించునా యని చాలకాలము వివాదము నడచినది. కొన్నిచోట్ల రిజిస్ట్రారులు పూర్తి స్టాంపు చెల్లించి రిజిష్టరు చేయనిదే పుస్తకములో చేర్చమనిరి. 2021లో ఎస్జేపీ ఇంపెక్సు వ్యాజ్యమునందును, 2024లో ఫెర్రస్ అల్లాయ్ ఫోర్జింగ్సు వ్యాజ్యమునందును సుప్రీముకోర్టు సంగతి తేల్చినది. బ్యాంకు పత్రము నిర్బంధముగా రిజిష్టరు కావలసినది కాదు. నకలును 89వ సెక్షను క్రింద పుస్తకములో చేర్చుటకు స్టాంపు సుంకము కోరరాదు. కాని కొన్నవాడు అసలు పత్రమునే రిజిష్టరునకు దాఖలుచేసినను, వేరుపనికి వినియోగించినను సుంకము పడును. కొన్నవారిలో చాలమంది బ్యాంకుల సలహామీదనో, రేపు అమ్మునపుడు చిక్కు రాకూడదనియో సుంకము చెల్లించి రిజిష్టరే చేయించుకొనుచున్నారు. అది వారి యిష్టము. రెండు మార్గములున్నవని మాత్రము తెలిసికొని చేయుట మంచిది.

నకలు పుస్తకములో చేరినగాని ఈ హర్రాజు లోకమునకు తెలియదు. మన రాష్ట్రమున ఆస్తిమీది లావాదేవీలు చూపు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, వాడుకలో ఈసీ, ఒకటవ పుస్తకమునుండియే వచ్చును. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రిజిస్ట్రేషను కచేరీలకు కంప్యూటర్లు వచ్చినవి. నేడు కంప్యూటరుమీద 1983 నుండి మాత్రమే వివరములు లభించును. అంతకు ముందరివి చేతివ్రాత పుస్తకములలో వెదకింపవలెను. హుస్సేనీ ఆలంవంటి పేటలో 1983కు ముందరి కథయే ముఖ్యమైనది. ఇంకొక చిక్కు కలదు. దస్తావేజులను బ్యాంకులో ఉంచి నోటిమాటమీద చేసిన తనఖా ఈసీలో కనబడకపోవచ్చును. దీనికై 2011లో కేంద్రప్రభుత్వము సెర్సాయి అను తనఖాచిట్టా నేర్పరచినది. కొనువారు దానిని గూడ చూచుకొనవలెను.

ఒకటవ పుస్తకము తరువాత పురపాలక సంస్థ. ఇంటిపన్ను చిట్టాలో పేరు మార్పించుకొనుటకు ధ్రువపత్రముతో దరఖాస్తు చేయవలెను. తరువాత టౌను సర్వేచిట్టా, నల్లా, విద్యుత్తు. కోర్టు హర్రాజులో ఇంటి స్వాధీనముకొరకు, హర్రాజు ఖాయమైన ఒక సంవత్సరములోపల పిటిషను వేయవలెను. ఆ గడువు దాటించిన కొనుగోలుదారులు పత్రము చేతబట్టుకొని వీథిలో నిలువవలసివచ్చును. ఇట్లు ఒక్క పాట అనేక చిట్టాలలో అనేక తేదీలతో నెక్కును. అన్నియు ఎక్కిన పిదప సామాన్యుడు ఇల్లు సర్కారువారి లెక్కలో తనదైనదని నిట్టూర్పు విడుచును.

చిట్టాకెక్కిన దెల్ల హక్కు కాదు

ఇచ్చటనే పెద్ద పొరపాటున్నది. చిట్టాలు పాట జరిగినదని చెప్పును. పాట వేయింపబడినవానికి ఆ యింటిమీద హక్కుండెనని చెప్పవు. 1864 చట్టము తన ధ్రువపత్రమును కొనుగోలునకు మాత్రమే సాక్ష్యమన్నది ఇందుకే. మన దేశమున రిజిస్ట్రారు దస్తావేజును భద్రపరచును గాని దానిలోని హక్కునకు పూటపడడు. పురపాలక సంస్థ పన్నుకై పేరు వ్రాసికొనును గాని యజమానిని నిర్ణయింపదు. చిట్టాలో పేరుమార్పువలన హక్కు పుట్టదని సుప్రీముకోర్టు పలుమారులు చెప్పియున్నది. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్టు టారెన్సు ప్రవేశపెట్టిన పద్ధతిలో చిట్టాలో పేరుండుటయే హక్కు. సర్కారే దానికి హామీ. ఆంధ్రప్రదేశములో ఇట్టి ఉద్దేశముతో 2022 పేరుగల భూహక్కుల చట్టము 2023లో అమలునకు వచ్చి, తీవ్రవివాదములపాలై 2024లో రద్దైనది. కావున తెలుగుదేశమంతటను నేటికిని హక్కును చిట్టాలనుండి ఊహింపవలసినదే గాని చిట్టాలే హక్కు కావు.

మన వర్తకుని యింటికి తిరిగి వత్తము. ఇల్లు తండ్రినాటిదంటిమి. తండ్రి పోయిన పిమ్మట తల్లి, సోదరులు, సోదరీమణులు ధర్మశాస్త్ర మెట్లు చెప్పిన నట్లు భాగస్వాములైరి. దస్తావేజు ఒక్కనియొద్ద నున్నంతమాత్రమున ఇల్లు ఒక్కనిది కాదు. ముసల్మాను కుటుంబములో ప్రతి వారసునకును తన వాటా తండ్రి మరణముతోడనే ఏర్పడును. అతడు తాకట్టు పెట్టగలిగినది తన వాటాను మాత్రమే. హర్రాజులో పోగలిగినదియు అంతే. కొన్నవాడు 60 లక్షలిచ్చి ఇంటిలో ఒక పాలునే కొన్నాడేమో! పైగా కుటుంబము నివసించు ఇంటిలో పాలు కొన్న పరాయివాడు వారితోబాటు చొచ్చి కాపురముండుటకు వీలులేదని ఆస్తిబదిలీ చట్టము 44వ సెక్షను చెప్పుచున్నది. అతడు విభాగపు దావా వేసికొనవలెను. ఇక ఆ స్థలము వక్ఫునకు చెందినదైనచో చిక్కు మరింత పెద్దది. వక్ఫు ఆస్తిని అమ్ముటయు తాకట్టు పెట్టుటయు చెల్లదని 2013 సవరణ స్పష్టపరచినది. మసీదులు, ఆషూర్‌ఖానాలు, దర్గాలు ప్రక్కప్రక్కల నున్న పాతనగరమున ఏ గోడ ఎక్కడ ముగిసినదో ఈసీ చెప్పదు.

కోర్టు హర్రాజులో ఋణస్థునికి ఆ ఆస్తిలో అమ్మదగిన హక్కే లేదని తేలినచో, కొన్నవాడు హర్రాజు రద్దుచేయించుకొని సొమ్ము తిరిగిపొందుటకు 21వ ఆర్డరు మార్గము చూపినది. గడువు 60 దినములే. బ్యాంకు ప్రకటనలలో “ఉన్నది ఉన్నట్లు” అను షరతు సామాన్యముగా నుండును. ఆ రెండుమాటల బరువు కొన్నవాని నెత్తిమీదనే పడును. కాబట్టి చౌకగా వచ్చినదని హర్రాజిల్లు కొనువారు చౌకకు కారణ మేమని మొదట అడుగవలెను. ఇంటికి పోయి పొరుగువారిని విచారింపవలెను. ఉర్దూ దస్తావేజును తెలిసినవారిచేత చదివింపవలెను. వారసు లెందరో లెక్కింపవలెను. వక్ఫు చిట్టా చూడవలెను. పాటకు ముందు వెచ్చించిన పదివేల రూపాయలు, పాట తరువాత పదియేండ్ల వ్యాజ్యమును తప్పింపగలవు.

పత్రికల బాధ్యత – మన కోరికలు

ఈ దారియంతటిలో పత్రికలకు గూడ ఒక మెట్టున్నది. ఋణస్థుని విడుదలహక్కు అంతరించునది పత్రికలోని ప్రకటనతోనే. ఆ ప్రకటన సన్నని అక్షరములతో, మూలపుటలో, పెండ్లిసంబంధముల ప్రక్కన పడియుండును. నియమములు స్వాధీనప్రకటనను రెండు ప్రముఖపత్రికలలో, అందొకటి ఆ స్థలమున తగినంత ప్రచారముగల దేశభాషాపత్రికలో వేయవలెనని చెప్పుచున్నవి. హుస్సేనీ ఆలంలో తగినంత ప్రచారముగల భాష ఏది? ఇంటింటను చదువబడునది ఉర్దూ. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటను ఉర్దూ రెండవ అధికారభాషయైనది. అట్టిచోట ఒక ఆంగ్లపత్రికలోను ఒక తెలుగుపత్రికలోను ప్రకటన వేసి, నియమము నెరవేరినదనుట అక్షరమునకు సరిపోవునేమో గాని ధర్మమునకు సరిపోదు. తెలుగుపత్రికవారమగు మాకు ఆ ప్రకటనలవలన ఆదాయ మున్నను ఈ మాట చెప్పక తప్పదు. చదువలేని భాషలో ఇచ్చిన నోటీసు, చీకటిలో వేసిన దండోరావంటిది.

కావున మా కోరికలు నాలుగు. మొదటిది: పాతనగరపు ఇండ్ల ప్రకటనలు తెలుగుతోబాటు ఉర్దూలోను రావలెను. రెండవది: ప్రకటనలో క్రొత్త ఇంటినంబరు, పాత ఇంటినంబరు, నాలుగు హద్దులు, ఋణస్థుడు తాకట్టు పెట్టినది పూర్తి ఇల్లా వాటాయా అను సంగతి స్పష్టముగా నుండవలెను. మూడవది: విడుదలహక్కు ఏ దినముతో ముగియునో ఋణస్థునికిచ్చు నోటీసులో మొదటి పంక్తిలోనే పెద్దయక్షరములతో వ్రాయవలెను. నాలుగవది: ధ్రువపత్రపు నకలును సబురిజిస్ట్రారునకు పంపుట పత్రము నిచ్చినవాని విధి, దానిని కొన్నవాని కాళ్లమీదను దళారి చేతిలోను పెట్టక, పత్రము నిచ్చిన దినముననే అధికారి పంపవలెను. వీనిలో ఏ యొక్కటికిని క్రొత్తచట్టము తప్పనిసరి కాదు. ఉన్న నియమములను శ్రద్ధతో నడపిన చాలును.

పాఠకులకు చెప్పవలసినది ఒక్కటి. తాకట్టు పెట్టినవాడు నోటీసును చూచి దిండుక్రింద దాచుట మానవలెను. మొదటి 60 దినములే అతని అసలు గడువు. ఆ దినములలో బ్యాంకుతో మాటలాడుటయో, ఆస్తిలో కొంత తానే మంచిధరకు అమ్ముటయో, భాగస్వాములను పిలిచి చర్చించుటయో చేయవలెను. భాగస్వాములైన తోబుట్టువులు గోడమీద కాగితము అంటినదినముననే తమ వాటాను తెలుపుచు అధికారికి వ్రాసి, రసీదు తీసికొనవలెను. సిగ్గుపడి ఊరకుండుటవలన ఇల్లు నిలువదు. పాడువాడు చిట్టాను చూచినంతమాత్రమున తృప్తినొందక గడపను గూడ చూడవలెను. ఒకటవ పుస్తకములో చేరు ఆ పుటకు వెనుక ఒక కుటుంబపు తరతరముల కాపురము, ముందు మరియొక కుటుంబపు జీవితకాలపు కూడబెట్టు ఉన్నవి. ఆ పుట తప్పుగా నెక్కినచో రెండును నష్టమగును. సరిగా నెక్కునట్లు చూచుట, పాట మూడవసారి పిలువబడుటకు ముందే, మనయందఱ పని.